తగ్గిన బరువు తగ్గినట్టే ఉండాలంటే: ఉయ్యూరు నుంచి ఒక యానాది అక్క మాట



మన గ్రూపులో నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, కుల ధృవీకరణ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కష్టాల గురించి ఎన్నో పోస్టులు చదివాను. ఒంటి బరువు గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు. అది ఉన్నవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకుంటాం. గిరిజనులంటే సన్నగా, గట్టిగా, రోజంతా నడిచేవాళ్ళని బయటివాళ్ళే కాదు, మనమూ నమ్మేస్తాం. నేను వార్డు సచివాలయంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నా. బీపీ మిషను, షుగర్ స్ట్రిప్పులు పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. మా యానాదుల ఇళ్ళల్లో, ఎరుకల ఇళ్ళల్లో, సుగాలీల ఇళ్ళల్లో నేను చూస్తున్న అంకెలు చూస్తే ఆ నమ్మకం ఎప్పుడో పాతబడిపోయింది. అందుకే ఈ పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు నా లెక్క చెప్పేస్తా. నా ఎత్తు 152 సెంటీమీటర్లు. 2018 జనవరిలో బరువు 81 కిలోలు. 2019 జూన్‌కి 62 కిలోలు. ఇప్పటికి ఆరేళ్ళు దాటింది, ఇంకా 62, 64 మధ్యలోనే ఉన్నా. 19 కిలోలు ఎలా తగ్గానన్నది పెద్ద కథ కాదు. అన్నం తగ్గించా, నడిచా, అంతే. అందరూ అడిగేది కూడా అదే. కానీ నిజంగా చెప్పుకోవాల్సింది తర్వాతి ఆరేళ్ళ గురించి. ఆ సంగతి ఎవరూ అడగరు.

విజయవాడ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి బరువు తగ్గడం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఉప్పు లేని వంట, పచ్చికూరల రసాలంటూ మంతెన సత్యనారాయణ రాజు గారి మాటలు టీవీలో వింటూ పెరిగాం. 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ గాలిలా పాకింది. అన్నం మానేయడం, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనో ఇంకో కొవ్వో తీసుకోవడం, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ బిళ్ళలు. బస్సులో, పెళ్ళిలో, బ్యాంకు క్యూలో అదే మాట. ఆ తర్వాత సిరిధాన్యాలు వచ్చాయి. వాటి మంచిచెడ్డలు తేల్చడానికి నేను డాక్టర్ని కాను. నా ఉద్యోగంలో చూసింది మాత్రం చెప్తా. ఏ దారిలో తగ్గినవాళ్ళయినా మొదటి ఆరు నెలలు ఫోటోలు పెడతారు, రెండో ఏడు వచ్చేసరికి ఆ ఊసే ఎత్తరు. పెరిగిపోయాక సిగ్గుపడతారు. ‘నాకు మనసు గట్టిది కాదు సిస్టర్’ అంటారు. ఆ సిగ్గు అక్కర్లేదని చెప్పడం ఈ పోస్టులో నా మొదటి పని.

దానికి ముందు, నేనెవరో, ఆ 81 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి.

మాది దివిసీమ. కాలవ పక్కన కాలనీ. నాన్న రైతుల పొలాల్లో ఎలకలు పట్టేవాడు. కుండలో గడ్డి పెట్టి రాజేసి, కన్నంలోకి పొగ ఊదేవాడు. ఎలకలకి లెక్కకట్టి డబ్బులిచ్చేవాళ్ళు. ఎలక కన్నం తవ్వితే లోపల అది దాచుకున్న వడ్ల కంకులు దొరికేవి. అవి దంచుకుంటే ఒక పూటకి సరిపోయేవి. అమ్మ కాలవలో చేపలు, పీతలు పట్టేది, నాట్లకి, కలుపుకి వెళ్ళేది. కాలవ గట్టున పొన్నగంటి కూర, గంగవాయిలి కూర, తుమ్మి కూర కోసుకొచ్చేది. మట్టగిడస దొరికిన రోజు పండగ. అన్నం మాత్రం కొంచెమే. కూర ఎక్కువ, అన్నం తక్కువ. అది డైట్ కాదు, లేమి. అందులో గొప్పేమీ లేదు. మా తమ్ముడికి కాళ్ళు వంకర, నాకు తొమ్మిదేళ్ళు వచ్చినా ఆరేళ్ళ పిల్లలా ఉండేదాన్ని.

తర్వాత హాస్టల్. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎస్టీ హాస్టల్లోనే. ఆ అన్నానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటా. జీవితంలో మొదటిసారి కడుపునిండా తిన్నది అక్కడే. మీలో చాలామందికి ఇదే అనుభవం ఉంటుంది. గంట కొట్టగానే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడటం, ముందు అన్నం గుట్టగా పెట్టించుకోవడం, దాని మీద పల్చటి పప్పు. ప్లేటు నిండితేనే ధైర్యం. ఆ అలవాటు ఒంట్లోకి వెళ్ళిపోయింది. ఏఎన్ఎం ట్రైనింగ్ అయ్యాక విజయవాడలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీలు. రాత్రి రెండింటికి టీ, బిస్కెట్లు, పొద్దున్నే పునుగులు, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవడం. పెళ్ళి, ఆ తర్వాత ఉయ్యూరు, పాప పుట్టడం. తొమ్మిదేళ్ళలో 30 కిలోలు పెరిగా. నాన్న రోజంతా పొలాల్లో నడిచేవాడు. నేను బస్సులో కూర్చుని వెళ్ళి, కుర్చీలో కూర్చుని పనిచేసి, బస్సులో కూర్చుని వచ్చేదాన్ని. ఒకే రక్తం, ఒకే అన్నం, చాకిరీ మాత్రం మారిపోయింది.

2017లో అమ్మ కాలి బొటనవేలు తీసేశారు. షుగర్. అప్పటికి అమ్మకి 50 ఏళ్ళు కూడా లేవు. పొలంలో ముల్లు గుచ్చుకుంది, స్పర్శ లేక తెలియలేదు, పుండు పడింది. ఆపరేషన్ అయిన రెండో రోజు మంచం మీద నుంచి నా వైపు చూసి, ‘నీ పొట్ట కూడా నాదిలాగే ఉందే’ అంది. తిట్టలేదు, భయపడి అంది. ఆ వారమే నేను నా షుగర్ చూసుకున్నా. అప్పటికి షుగర్ రాలేదు గానీ వచ్చే దారిలో ఉంది. 2018 జనవరి నుంచి నడక మొదలుపెట్టా.

ఇక అసలు విషయం. తగ్గిన బరువు ఎందుకు వెనక్కి వస్తుంది?

మనం అనుకుంటున్నట్టు ఇది మనసు సంగతి ఒక్కటే కాదు. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అని టీవీ పోటీ ఒకటి ఉండేది. అందులో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి, ఆ ఫలితాలు 2016లో ప్రచురించారు. వాళ్ళు సగటున 58 కిలోలు తగ్గారు, అందులో 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఆరేళ్ళ తర్వాత కూడా వాళ్ళ ఒళ్ళు, ఆ సైజు మనిషికి ఖర్చు కావలసినదానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. 500 కేలరీలంటే మన లెక్కలో రెండున్నర కప్పుల అన్నం. అంటే, పక్కన అదే బరువున్న మనిషి తినే అన్నమే వాళ్ళూ తింటే వాళ్ళు పెరుగుతారు, ఆ మనిషి పెరగడు. ఇందులో న్యాయం లేదు, కానీ ఒళ్ళు పనిచేసే తీరు అది. వాళ్ళు తగ్గింది చాలా ఎక్కువ, చాలా వేగంగా. మామూలుగా తగ్గినవాళ్ళలో ఇంత తేడా ఉండాలని లేదు, అయినా దారి అదే.

ఆకలి కూడా అంతే. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాలు చాలా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించారు. ఆకలిని పెంచే, తగ్గించే హార్మోన్లను రక్తంలో కొలిచారు. ఏడాది తర్వాత చూసినా ఆ హార్మోన్లు పాత స్థితికి రాలేదు, ‘ఇంకా తిను, ఇంకా తిను’ అన్నవైపే ఉన్నాయి. ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి కూడా వచ్చాయి. వాటిలో సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పరీక్షలో, మందు ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఏ దారిలో తగ్గినా ఒళ్ళు దాన్ని కరువుగానే లెక్కేసుకుంటుంది. పోయినదాన్ని తిరిగి సంపాదించుకోవాలనే చూస్తుంది.

కరువు అనే మాట ఊరికే వాడలేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు సగం ఆకలితో బతికారు. యూరప్‌లో ఆకలితో ఉన్నవాళ్ళకి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం ఆ ప్రయోగం. వాళ్ళు బరువులో నాలుగో వంతు కోల్పోయారు. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. తర్వాత తిండి పెట్టినా కడుపు నిండినట్టు అనిపించలేదు, ఒంట్లో కొవ్వు ముందుకంటే ఎక్కువ చేరింది. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1977 ఉప్పెన తర్వాత రోజుల తరబడి తిండి లేదట. బురదలో తడిసిన బియ్యం కడిగి వండుకున్నారట. ఆమె చివరిదాకా ఇంట్లో ఒక మూట బియ్యం ఎవరికీ తెలియకుండా దాచుకునేది. ఎవరైనా అన్నం వద్దంటే ముఖం మాడ్చుకునేది. మిన్నెసోటా కుర్రాళ్ళు ఆరు నెలలు పడ్డది మనవాళ్ళు తరతరాలు పడ్డారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అనుకోవాలి. 1962లో జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త, కరువులు చూసిన జాతుల్లో కొవ్వు దాచుకునే జన్యువులు నిలిచిపోయి ఉంటాయని ఒక ఊహ చెప్పాడు. అది ఊహగానే ఉంది, రుజువు కాలేదు. కానీ ‘గిరిజనుల రక్తమే అంత’ అనడానికి చాలామందికి అది పనికొచ్చింది. దానికి జవాబు అమెరికాలోని పీమా ఆదివాసులే. వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరుకి అర్థం ‘నది మనుషులు’. గిలా నది నీళ్ళతో పొలాలు తడుపుకుని బతికినవాళ్ళు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన తెల్లవాళ్ళు నీళ్ళు మళ్ళించుకున్నారు. నది ఎండింది, పంట పోయింది, ప్రభుత్వం ఇచ్చే పిండి, కొవ్వు, పంచదార తిండి అయ్యాయి. ప్రపంచంలోనే షుగర్ జబ్బు అత్యధికంగా ఉన్న జనాల్లో ఒకరయ్యారు. కానీ వాళ్ళ రక్తబంధువులే మెక్సికో కొండల్లో ఉన్నారు. అక్కడ ఇంకా చేతులతో సేద్యం, నడక. 2006లో పోల్చి చూస్తే అమెరికా పీమాల్లో షుగర్ 38 శాతం, మెక్సికో పీమాల్లో 6.9 శాతం. పూర్వీకులు ఒకరే, నీళ్ళూ చాకిరీ వేరు.

కృష్ణా డెల్టాలో ఉంటూ ఈ కథ చదివితే మన కథ కనిపిస్తుంది. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలు వచ్చాయి. డెల్టా వరిమయం అయింది. ఆ నీళ్ళు యానాదులకి పొలం ఇవ్వలేదు, పొలాల్లో పని ఇచ్చాయి. తర్వాత 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ తర్వాత చేపల కుంటలు రొయ్యల చెరువులయ్యాయి, కాలవ గట్ల మీద కలుపు మందులు వచ్చాయి, మా కూర ఆకులు పోయాయి. అన్నం మిగిలింది, కూర పోయింది. ఏజెన్సీ తమ్ముళ్ళు, మీ దగ్గర సామలు, కొర్రలు, దుంపలు పోయి రేషన్ బియ్యం ఎలా మిగిలాయో మీకే బాగా తెలుసు.

ఇంకో కథ కూడా చెప్పి నా సంగతికి వస్తా. ఆస్ట్రేలియాలో షుగర్ ఉన్న పదిమంది ఆదివాసులు ఏడు వారాలు తమ పాత అడవికి తిరిగి వెళ్ళి వేట మాంసం, చేపలు, దుంపలు, తేనెతో బతికారు. కెరిన్ ఓడే అనే పరిశోధకురాలు వాళ్ళతో వెళ్ళింది. ఆ పరిశోధన 1984లో అచ్చయింది. సగటున 8 కిలోలు తగ్గారు, షుగర్ బాగా అదుపులోకి వచ్చింది. మంచి వార్తే. కానీ నాకు అందులో కనిపించే ప్రశ్న వేరే. ఎనిమిదో వారం ఏమిటి? అడవికి వెళ్ళిపోవడం మనలో చాలామందికి కుదరదు. నాకు ఉద్యోగం ఉంది, పాప బడి ఉంది, అద్దె ఇల్లు ఉంది. ఉన్నచోటే, ఉయ్యూరులోనే, ఎనిమిదో వారం నుంచి చివరిదాకా నడిచే పద్ధతి కావాలి. ఆరేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

నేను చేస్తున్నవి ఇవి.

ఒకటి, సోమవారం తూకం. సచివాలయంలో తూకం మిషను ఉంది, పొద్దున్నే వెళ్ళగానే ఎక్కుతా. ఒక నోట్‌బుక్కులో అంకె రాస్తా. నాది 62. 64.5 దాటితే ఆ వారమే పని మొదలు, ‘పండగ అయ్యాక చూద్దాం’ అనేది ఉండదు. రెండున్నర కిలోలు దించడం రెండు నెలల పని. పదిహేను కిలోలు దించడమంటే మళ్ళీ జీవితం మొదలుపెట్టడమే. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీ ఉంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళు అందులో చేరతారు. వాళ్ళలో నూటికి 75 మంది వారానికి ఒకసారైనా తూకం చూసుకుంటారు. నూటికి 90 మంది రోజుకి సుమారు గంట ఒళ్ళు కదిలిస్తారు. రెండు నుంచి ఐదేళ్ళు నిలబెట్టుకోగలిగినవాళ్ళకి ఆ తర్వాత నిలబెట్టుకునే అవకాశం బాగా పెరుగుతుందని కూడా వాళ్ళ లెక్కల్లో తేలింది. నా అనుభవమూ అదే. మొదటి రెండేళ్ళు యుద్ధం, మూడో ఏడు నుంచి అలవాటు.

రెండు, అన్నం మధ్యాహ్నం ఒక్కపూటే. స్టీలు గ్లాసుతో కొలిచి ఒక గ్లాసు అన్నం. పళ్ళెంలో ముందు కూర పెట్టుకుంటా, తర్వాత అన్నం. హాస్టల్ ప్లేటుని తిరగేశానన్నమాట. పొద్దున రాగి జావ, ఒక కోడిగుడ్డు. రాత్రి ఒక పెసరట్టో, పులుసులో ఉడికిన చేపముక్కలో. అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. అన్నం అంటే మన ఇళ్ళల్లో గౌరవం. పూర్తిగా మానేసినదేదీ నేను ఆరేళ్ళు నిలబెట్టుకోగలిగేదాన్ని కాదు.

మూడు, చవక తిండి. బాదంపప్పులు, ఓట్స్, ప్రొటీన్ పొడులు నా జీతానికి కుదరవు. చిన్న చేపలు, నత్తలు, గుడ్లు, మునగాకు, పొన్నగంటి కూర, పెసలు, ఉలవలు. మా అమ్మ వండిన తిండే, కాకపోతే సరిపడా. మార్కెట్లో పెద్ద చేపలు వదిలేసి పరిగెలు అడిగితే చేపలమ్మే అక్క నన్ను గుర్తుపెట్టుకుంది, నాకోసం పక్కన పెడుతుంది.

నాలుగు, నడక. పొద్దున్నే పుల్లేరు కాలవ గట్టు మీద 45 నిమిషాలు. దానితోపాటు ఫీల్డు పనికి ఆటో ఎక్కను, వార్డంతా నడిచే తిరుగుతా. ఆ టీవీ పోటీ వాళ్ళని పరిశీలించినప్పుడు కూడా, బరువు నిలబెట్టుకున్నవాళ్ళు తిండి కంటే ఎక్కువగా శ్రమలో మిగతావాళ్ళకి తేడాగా ఉన్నారు. తగ్గడానికి తిండి ముఖ్యం, నిలబడటానికి కదలిక ముఖ్యం అని నేను గుర్తుపెట్టుకున్నా. వానాకాలం గట్టు బురదైతే మేడ మీద మెట్లు ఎక్కి దిగుతా. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు ఆదివారాలు ఆటో పక్కన పెట్టి నాతో వస్తున్నాడు.

ఐదు, టీలో పంచదార లేదు. ఉయ్యూరులో ఉంటూ ఈ మాట అంటే అందరికీ నవ్వొస్తుంది. చలికాలం షుగర్ ఫ్యాక్టరీ ఆడుతుంటే చెరకు బళ్ళు, ట్రాక్టర్లు రోడ్డంతా ఉంటాయి, ఊరంతా పాకం వాసన. ‘నువ్విలా మానేస్తే ఫ్యాక్టరీ ఏమైపోవాలి సిస్టర్’ అని టీ కొట్టు బాబాయ్ రోజూ అంటాడు. మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు 15 రోజులు. జీళ్ళు, ఖర్జూరం, మిఠాయి, ప్రతి ఇంటా చుట్టాలు. ఆ 15 రోజులు నేను ఏమీ మానను. కానీ ఎన్ని రోజులు తినాలో ముందే అనుకుంటా. అమ్మవారి ఊరేగింపు రోజు, చుట్టాలొచ్చిన రోజు, చివరి రోజు. మిగతా పన్నెండు రోజులు మామూలు రోజులే.

ఇవన్నీ చేస్తున్నా ఒకసారి అంకె 67కి వెళ్ళింది. 2021 మేలో కరోనా రెండో అల. పగలూ రాత్రీ డ్యూటీలు, నిద్ర లేదు, నడక లేదు, రోజూ ఎవరో ఒకరి చావు కబురు. ఆ రోజుల్లో దొరికింది తిన్నాం, బతికాం. జూలైలో మిషను ఎక్కితే 67. 63కి రావడానికి ఏడు నెలలు పట్టింది. నోట్‌బుక్కులో ఆ అంకెలన్నీ అలాగే ఉన్నాయి. అంకె పెరిగినప్పుడు మిషను ఎక్కడం మానేయకపోవడమే నన్ను కాపాడింది.

తిండి, నడక కంటే కష్టమైనది మనుషుల మాట. ఆఫీసుల్లో ఒకలాగా, మన ఇళ్ళల్లో ఇంకోలాగా ఉంటుంది. లావుగా ఉన్నప్పుడు ఒకావిడ, ‘మీ వాళ్ళంతా సన్నగా ఉంటారు కదా, నువ్వేంటి ఇలా? రిజర్వేషన్ తిండి బాగా పడింది’ అని నవ్వింది. తగ్గాక కాలనీకి వెళ్తే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ‘ఏంటే ఇలా చిక్కిపోయావు, దగ్గు వస్తోందా?’ అంది. మన వాడల్లో ఒళ్ళు తగ్గిందంటే టీబీ అనే లెక్క. ఆమె భయం అబద్ధం కాదు, అలా తగ్గిపోయి పోయినవాళ్ళని ఆమె కళ్ళారా చూసింది. అందుకే కోప్పడలేదు. ‘జబ్బేం లేదు పెద్దమ్మా, అమ్మ కాలు చూశాక భయమేసి తగ్గాను’ అన్నా. అప్పుడు అర్థమైంది ఆమెకి.

అమ్మమ్మ బతికున్నప్పుడు అన్నం వద్దంటే బాధపడేది. అందుకని వద్దనడం మానేశా. ‘ముందు చేప పెట్టు అమ్మమ్మా’ అనేదాన్ని. చేప తిని, కొంచెం అన్నం తిని, మిగతాది గిన్నెలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆమె పెట్టింది, నేను తీసుకున్నా. ఇద్దరి మాటా నిలబడింది. మన ఇళ్ళల్లో తిండిని తిప్పికొట్టకుండా, ఒంటిని పాడుచేసుకోకుండా ఉండటానికి ఇలాంటి చిన్న దారులు ఎవరికి వాళ్ళు వెతుక్కోవాలి.

ఇంకోటి. పుస్తకం లెక్కలో నేను ఇప్పటికీ ఎక్కువ బరువే. మన దేశం వాళ్ళకి బీఎంఐ 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం అని డాక్టర్లు 2009లో పెట్టుకున్న కొలత. నాది 27 దగ్గర. 53 కిలోలకి దిగితేనే ‘నార్మల్’. ఒకసారి 58 దాకా ప్రయత్నించా. రోజంతా ఆకలి, పాప మీద చిరాకు, నెలసరి తేడా. 62 దగ్గర నా షుగర్ మామూలుగా ఉంది, బీపీ మామూలుగా ఉంది, మోకాళ్ళు నొప్పి లేవు. నేను ఆరేళ్ళు మోయగలిగిన అంకె అది. కాగితం మీది అంకె కంటే నాకు అదే మేలు.

ఇప్పుడు చెల్లెళ్ళకి ఒక హెచ్చరిక. ఈ పోస్టు చదివి హాస్టల్లో తిండి మానేయకండి. నేను రక్తపరీక్షలు చేసే మనిషిని, మన ఆడపిల్లల్లో ఎంతమందికి రక్తం తక్కువో నాకు తెలుసు. బీఎంఐ 18.5 కంటే తక్కువుంటే మీరు పెరగాలి, తగ్గకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఏమీ చేయొద్దు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు సొంతంగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ముందు పీహెచ్‌సీకి వెళ్ళి చెప్పండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతుంటే మాత్రం సంతోషపడకండి. పెద్దమ్మ భయమే నిజం కావచ్చు, కళ్ళె పరీక్ష చేయించుకోండి.

మరి ఎవరు చూసుకోవాలి? టైలర్ టేపు తీసుకుని బొడ్డు దగ్గర చుట్టూ కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలి. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్నా ప్రమాదమే. రూముల్లో కూర్చుని కోచింగ్ తీసుకుంటున్న తమ్ముళ్ళూ, మీకే ఇది ఎక్కువ చెప్తున్నా. మూడేళ్ళు గ్రూప్స్ ప్రిపరేషన్, పదిహేను కిలోలు, ఉద్యోగం వచ్చిన ఏడాదే షుగర్ మాత్ర. మన ఇళ్ళల్లో మొదటి ఉద్యోగం వచ్చినవాడి మీద పదిమంది బతుకు ఉంటుంది. వాడి ఒళ్ళు వాడి ఒక్కడిది కాదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. వేలు లేకపోయినా సాయంత్రం ప్రత్యేకంగా కుట్టించిన చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడుస్తుంది. రోజూ రాత్రి పాదాలు నేనో, పాపో టార్చి వేసి చూస్తాం. పాపకి పదకొండేళ్ళు. స్కూల్లో నూడుల్స్ ప్యాకెట్లు కొనుక్కుంటుంది, నేను పోలీసులా వెంటపడను. కానీ పొన్నగంటి కూర ఆకు చూసి గుర్తుపట్టడం అమ్మ దానికి నేర్పుతోంది. కాలవ గట్టున ఏది తినేదో, ఏది కాదో దానికిప్పుడు నాకంటే బాగా తెలుసు.

మీ అందరినీ ఒకటే అడుగుతున్నా. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో, నాన్నమ్మనో కూర్చోబెట్టి, చిన్నప్పుడు ఏ ఆకులు, ఏ దుంపలు, ఏ చేపలు, ఏ గింజలు తిన్నారో అడిగి పేర్లు రాసుకోండి. మీ భాషలో ఏమంటారో అలాగే రాసి ఇక్కడ పెట్టండి. కోయలో, కువిలో, సవరలో, ఎరుకల మాటలో, లంబాడీలో, ఏదైనా సరే. అన్నీ ఒకచోట చేర్చి హాస్టల్ వార్డెన్లకి, అంగన్‌వాడీలకి ఇవ్వొచ్చు. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లోనే అడగండి.